కదలని పదకొండు చుక్కలు

ఏప్రిల్ 9, బుధవారం

ఈ రోజు నుంచి చేత్తో రాస్తున్నాను. ఇంట్లో ఉన్న యంత్రం తనంతట తానే దినచర్య రాసుకుంటుంది. ఎవరు వచ్చారు, ఎవరు అన్నం తినలేదు, ఎవరు నిద్రలో అరిచారు, అన్నీ. అది రాసింది ఒక పక్క చెలిమ సంస్థకు పోతుంది, ఇంకో పక్క మండల సభకు పోతుంది. నేను రాసేది ఈ పుస్తకం దాటి పోకూడదు.

నా పేరు ఉరుకుందమ్మ. బూదిగుంత చెలిమ ఇంటికి పెద్దదాన్ని. దెబ్బలు తిని పారిపోయి వచ్చిన ఆడవాళ్ళు, పెళ్ళి వద్దని పరుగెత్తి వచ్చిన పిల్లలు, చంటిపిల్లలు కాక నాతో కలిపి పద్దెనిమిది మందిమి ఇక్కడ ఉంటున్నాం. ఇల్లు చెలిమ వాళ్ళు కట్టించారు, స్థలం సభ ఇచ్చింది. ఇలాంటివి జిల్లాలో నలభై ఒకటి ఉన్నాయి.

పొద్దున మేక పాలు పితుకుతుంటే మిద్దె మీద తూనీగ రెక్కలు ఆడిన చప్పుడు వినిపించింది. తూనీగ అంటే మా ఎగిరే యంత్రం. నాడి చూసే కడియం తొడుక్కున్న ఏ ఆడమనిషి గుండె అదుపు తప్పినా, నోరు తెరిచి అరిచినా, ఐదు నిమిషాల్లో ఆమె నెత్తి మీదికి వచ్చి సైరన్ మోగిస్తుంది. కొట్టేవాడి ముఖాన కళ్ళు మండే పొగ కొడుతుంది. ఈ పొద్దున అది లేచింది, మళ్ళీ వెంటనే గూట్లోకి దిగిపోయింది. ఏదో పొరపాటున మోగి ఉంటుందని నేను పాలు పితకడం పూర్తి చేశాను.

ఎనిమిదింటికి కుళాయిలు చూసి రావడానికి ఊళ్ళోకి పోయాను. మూడో కుళాయి గట్టు మీద చెయ్యి ఉంది. మనిషి లేదు. మోచేతికి కింద గొడ్డలితో రెండు మూడు సార్లు కొట్టినట్టు ఎముక ముక్కలై ఉంది. మణికట్టుకు కడియం అలాగే ఉంది. కుళాయి ముందుండే గాజు పలక మీద ఐదు వేళ్ళ నెత్తుటి అచ్చులు నాలుగైదు చోట్ల కనిపించాయి. ఆ చేతిని పలక మీద పెట్టి పెట్టి చూశారు. కుళాయి తెరుచుకోలేదు. కడియం నీళ్ళివ్వాలంటే దాని కింద నాడి కొట్టుకుంటూ ఉండాలి. పద్నాలుగేళ్ళ క్రితం నీళ్ళ వాటా ఇంటి మగవాళ్ళ పేరు మీద కాకుండా ఆడవాళ్ళ కడియం మీద ఇవ్వాలని చెలిమ, సభ ఒప్పందం చేసుకున్నప్పుడే ఆ ఏర్పాటు చేశారు.

వేళ్ళ మీద పచ్చబొట్టు చూసి గుర్తు పట్టాను. లింగమ్మ. ఈ ఊరి మనిషే. పొలాల్లో దొరికింది, కరెంటు తీసే ఎండ పలకల వరసల కింద నీడలో. నెత్తురంతా కారిపోయింది. ఒక చెయ్యి లేదు, రెండో చేతి నిండా మట్టి ఉంది. చాలా దూరం పాక్కుంటూ వచ్చినట్టుంది. మా ఇంటి వైపే వచ్చింది.

ఏప్రిల్ 10, గురువారం

యంత్రంలో పిలుపుల పట్టీ తీసి చూశాను. నిన్న పొద్దున ఆరూ పద్నాలుగుకు లింగమ్మ కడియం పిలిచింది. ఆరూ పద్నాలుగుకే గస్తీ దళం నుంచి జవాబు వచ్చింది, మేం వెళ్తున్నాం అని. ఆ మాట రాగానే తూనీగ దిగిపోయింది. కొత్త ఒప్పందం అలాగే ఉంది. పిలుపు ముందు సభ వారి గస్తీ దళానికి పోవాలి, వాళ్ళు పోతామంటే తూనీగ పోనక్కర్లేదు. ఏ కడియం ఎక్కడుందో చుక్కలుగా చూపించే పటం కూడా వాళ్ళకు ఇవ్వాలి. జనవరిలో ఆ కాగితం మీద మా ఇంటి తరఫున సంతకం పెట్టింది నేనే. తుపాకులున్న మనుషులు తూనీగ కంటే గట్టిగా కాపాడతారని అనుకున్నాను.

మధ్యాహ్నం గేటు దగ్గర ఒక పిల్ల కూలబడింది. పదిహేడేళ్ళుంటాయి. చెప్పులు లేవు, పాదాలు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. మా ఇంట్లో వంటా మేకలూ చూసుకునే దస్తగిరమ్మ ఆ పిల్లను ఎత్తుకుని లోపలికి తెచ్చింది. అరవై దగ్గరికి వస్తున్నా ఆమెకు ఇంకా బలముంది. పిల్ల పేరు సుంకులమ్మ, సుంకి అంటారు. లింగమ్మకు ఆడబిడ్డ.

గంజి రెండు గుక్కలు తాగి అప్పుడు చెప్పింది. ఆమె అన్న, లింగమ్మ మొగుడు కంబగిరి రెండు నెలలుగా లింగమ్మ వాటా నీళ్ళు ట్యాంకరుకు పట్టిస్తున్నాడు. ఆ పొద్దున లింగమ్మ, బిందె ఇంటికే తీసుకుపోతానని కుళాయి మీద నుంచి చెయ్యి తీసేసింది. కంబగిరి ఆమెను జుట్టు పట్టి ఈడ్చి గట్టు మీద పడేసి చెయ్యి నరికాడు. కడియం పిలిచినప్పుడు అతని నడుముకున్న పెట్టె మోగింది. కంబగిరి గస్తీ దళంలో పని చేస్తాడు.

"ఒక చేత గొడ్డలుండాది. ఇంకో చేత పెట్టె తీసి నొక్కినాడక్కా. వస్తాండామని నొక్కినాడు" అంది సుంకి.

ఏప్రిల్ 12, శనివారం

సభా కార్యాలయానికి పోయాను. కార్యదర్శి సంజీవరాయుడు మెత్తని మనిషి. నా కోసం లేచి నిలబడ్డాడు, ఫ్యాను నా వైపు తిప్పించాడు, మజ్జిగ తెప్పించాడు. చెలిమ తరఫున ఒప్పందాలన్నీ చూసే నీరజాక్షి గారు నగరం నుంచి తెర మీద కూర్చున్నారు.

సుంకి చెప్పిందంతా చెప్పాను. గస్తీ దళం చేతి నుంచి పటం వెనక్కి తీసుకోమని అడిగాను. కార్యదర్శి చాలా బాధపడ్డాడు. విచారణ జరిపిస్తానన్నాడు, అంతదాకా కంబగిరిని గస్తీ నుంచి తప్పించి ఠాణాలో బల్ల దగ్గర కూర్చోబెడతానన్నాడు. ఆ బల్ల మీదే పటం ఉంటుందని నేనన్నాను. అతను చిరునవ్వు నవ్వి, సుంకి చిన్నపిల్ల, భయంలో ఏదో చూసి ఏదో అనుకుని ఉంటుంది, ఠాణా యంత్రంలో ఉన్న రికార్డు వేరే చెప్పవచ్చు అన్నాడు. ఆ రికార్డు చూపించమన్నాను. అది దళం ఆస్తి అన్నాడు.

అతను బయటికి పోయాక నీరజాక్షి గారు గొంతు తగ్గించి మాట్లాడారు. ఒప్పందం రద్దు చేయాలంటే తొంభై రోజుల ముందు చెప్పాలి. రద్దయితే కడియాలు ఆగిపోతాయి, కుళాయిలు సభ చేతికి పోతాయి.

"ఆరు వేల మంది ఆడవాళ్ళు, ఉరుకుందమ్మా. ఒక్క హత్య కోసం ఆరు వేల మంది నీళ్ళు పణంగా పెట్టలేను. ఠాణా రికార్డు నా చేతికి వస్తే కోర్టుకు నేనే పోతాను. అది లేకుండా నన్ను ఎవరూ నమ్మరు."

ఆమె అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. మజ్జిగ తాగకుండా లేచి వచ్చాను.

ఏప్రిల్ 15, మంగళవారం

పదకొండు గంటలకు కంబగిరి గేటు ముందుకు వచ్చాడు. వెంట ఇద్దరు దళం మనుషులు. మైనరు పిల్లను ఇంటి పెద్దకు అప్పగించాలని సభ ముద్ర ఉన్న కాగితం చూపించాడు. చక్కగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. పెళ్ళాం దినాలు కూడా కాలేదు.

దస్తగిరమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది. పిల్ల తనకు తాను పోతానంటే పంపుతామంది. సుంకి వరండాలో నుంచే గట్టిగా పోనని చెప్పింది. కంబగిరి తల ఊపాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోతాడనుకున్నాను. అతను గేటు సందులోంచి చెయ్యి పెట్టి దస్తగిరమ్మ చేతిని పట్టి ఇనప కడ్డీల మధ్యకు లాగాడు. పక్కవాడు ఆ చేతి మీద తుపాకి మడమతో కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వరండాలోకి వినిపించింది. తూనీగ లేచింది. మూడోవాడు దాన్ని ఒక్క గుండుతో కింద పడేశాడు. అది పిల్లలు స్నానం చేసే తొట్టిలో పడి చాలాసేపు రెక్కలు కొట్టుకుంది.

పోతూ పోతూ కంబగిరి నా వైపు చూసి మామూలు గొంతుతో చెప్పాడు. "మీరంతా యాడుండారో నాకు కనపడతానే ఉంటాది. నీళ్ళకని బయటికి రావాల గదా."

దస్తగిరమ్మ చేతికి వెదురు దబ్బలు పెట్టి కట్టు కట్టాం. ఆమె పళ్ళు బిగించి కూర్చుంది. కట్టు ముడి వేశాక పొయ్యి మీద పప్పు మాడుతోందని అంది.

ఏప్రిల్ 17, గురువారం

అతను చెప్పినట్టే చేశాడు. ఈ పొద్దున మా ఇంటి ఓబుళమ్మ, ఇంకో ఇద్దరు కుళాయికి పోయారు. దారి మార్చి చెరుకు రసం బండి వెనక సందులోంచి పోయినా దళం బండి తిన్నగా వాళ్ళ ముందే వచ్చి ఆగింది. మిగతా ఇద్దరు తప్పించుకుని ఇంటికి పరుగెత్తి వచ్చారు. ఓబుళమ్మను రోడ్డు మీద పడేసి బూటు కాళ్ళతో తొక్కారు. దవడ విరిగింది, ఎడమ కన్ను మూసుకుపోయింది. నాలుగు పళ్ళు కొంగులో మూటగట్టుకుని నడిచి వచ్చింది. ఆ పళ్ళు ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు.

అందరినీ వరండాలో కూర్చోబెట్టి జనవరిలో సంతకం పెట్టింది నేనేనని చెప్పాను. ఓబుళమ్మ ఒక్కతే నా ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. విరిగిన దవడతో నోరు తెరవలేని మనిషి గనుక ఏం అనేదో నాకు తెలియదు. తిడితే బాగుండేది.

ఆ తర్వాత ఏం చేయాలో మాట్లాడుకున్నాం. ఇంటి తొట్టిలో ఉన్న నీళ్ళు పొదుపుగా వాడితే వారం వస్తాయి. ఆ లోపల వాళ్ళు గోడ దూకుతారు. ఠాణా రికార్డు కావాలి. రికార్డు కావాలంటే ఠాణా ఖాళీగా ఉండాలి. ఖాళీ కావాలంటే మేం ఎక్కడికో పారిపోతున్నట్టు పటంలో వాళ్ళకు కనిపించాలి.

కడియం కోసేస్తే నాడి ఆగినట్టు లెక్క. నిమిషంలో చుక్క ఎర్రబడి పోతుంది. ఆ నిమిషంలోపు దాన్ని ఇంకో నాడి మీద బిగించి కట్టాలి. మాకు ఇరవై మూడు మేకలున్నాయి. ఈ మాట మొదట అన్నది దస్తగిరమ్మ.

మేకలను ఎవరైనా తోలుకుపోవచ్చని నేనన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"అవి నా గొంతుకే నడుస్తాయి. నువ్వు పిలిస్తే చెట్టుకాడ నిలబడి ఆకులు తింటాయి. నేను పోతా. నా కడియం నాకే ఉండనీ, ఒకటన్నా మనిషిది ఉండాల."

ఏప్రిల్ 20, ఆదివారం

నిన్నటిది రాస్తున్నాను.

శనివారం పొద్దున తొమ్మిదింటికి కోయడం మొదలుపెట్టాం. ఎండ పలకల చట్రాలు కోసే పెద్ద కత్తెర ఒకటి మా దగ్గరుంది. పెళ్ళికి ముందు నేను ఆ పలకలు కడిగే పని చేశాను, అప్పటిది. కడియం కోస్తుంటే లోపలి తీగ కాలి ఎర్రగా అవుతుంది. ప్రతి చేతికీ కాలిన మచ్చ పడింది. పద్దెనిమిది చేతులు, పద్దెనిమిది మేకలు. మేక తొడ లోపల నాడి దొరికే చోట కడియం పెట్టి గుడ్డతో గట్టిగా కట్టాం. సుంకిది కట్టేటప్పుడు మేక తన్నింది, అరనిమిషం పోయింది. ఇంటి తెర మీద ఆమె చుక్క ఎర్రబడబోయి మళ్ళీ పచ్చగా అయింది.

దస్తగిరమ్మ కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని పడమటి గేటులోంచి మేకలను తోలుకుపోయింది. ఎర్రవంక లోయ ఐదు కిలోమీటర్లు. వెనక్కి తిరిగి చూడలేదు. నాలుకతో చప్పుడు చేస్తూ, మేకలను పేర్లతో తిడుతూ పోయింది.

ఓబుళమ్మను, పిల్లల తల్లులను పలకల వరసల్లో దాచాం. తొమ్మిది మందిమి ఆ వరసల కిందనే వంగి నడుచుకుంటూ ఠాణా వైపు పోయాం. పదకొండుంబావుకు దళం బండ్లు రెండూ దుమ్ము లేపుకుంటూ పడమటికి పోయాయి. పదిమంది ఉన్నారు. లెక్కపెట్టాను.

ఠాణాలో బల్ల ముందు కంబగిరి ఒక్కడే ఉన్నాడు. తెర వైపు చూస్తూ పల్లీలు తింటున్నాడు. తలుపు చప్పుడుకు తల తిప్పాడు. మమ్మల్ని చూశాడు, మళ్ళీ తెర చూశాడు. మేం అక్కడ లోయలో ఉన్నాం, ఇక్కడా ఉన్నాం. అతనికి అర్థం కావడానికి పట్టిన కాస్త సేపే మాకు దొరికింది. చాలలేదు. కరెంటు లాఠీ అందుకుని ముందున్న మనిషి గొంతు మీద కొట్టాడు. ఆమె కట్టెలా పడిపోయింది. రెండోసారి తిప్పి ఇంకొకామె పక్కటెముకల మీద కొట్టాడు. తర్వాత సుంకిని పట్టుకుని గోడకు అదిమి గొంతు నులమడం మొదలుపెట్టాడు. ఆమె కాళ్ళు నేల మీద లేవు. అతను ఏమీ తిట్టడం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

కత్తెర నా చేతిలోనే ఉంది. వెనక నుంచి చెవి కింద పొడిచాను. మొదటిసారి సరిగా దిగలేదు. అతను నా వైపు తిరిగాడు, చెయ్యి ఎత్తాడు. రెండోసారి మెడ ముందు భాగంలో పొడిచి రెండు చేతులతో నొక్కాను. నెత్తురు నా నోట్లో పడింది. అతను నా భుజాలు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే మెల్లగా మోకాళ్ళ మీదికి జారాడు. చాలాసేపు పట్టింది. నేను కత్తెర వదల్లేదు.

ఇది నేనే చేశాను. సుంకి చేయలేదు, ఇంకెవరూ చేయలేదు.

రికార్డు పెట్టె ఊడదీయడానికి బల్ల దగ్గరికి పోయాను. అప్పుడు పటం మొత్తం చూశాను. మా ఇంటి తెర మీద మా ఇంటి వాళ్ళే కనిపిస్తారు, ఇక్కడ మండలమంతా కనిపిస్తుంది. లోయలో పంతొమ్మిది చుక్కలు కదులుతున్నాయి. ఊళ్ళలో వందల చుక్కలు కదులుతున్నాయి. ఠాణా గుర్తు మీద పదకొండు చుక్కలు ఒకే చోట కుప్పగా ఉన్నాయి. అవి కదలడం లేదు. మా తొమ్మిది మందికీ చేతులకు కడియాలు లేవు.

వెనక ట్యాంకరు నింపుకునే రేకుల షెడ్డు ఉంది. తాళం పగలగొట్టాం. లోపల గోడ పొడవునా కుళాయిలు, ప్రతి కుళాయికీ ఒక ఆడమనిషి. మణికట్టును గొలుసుతో గాజు పలకకు బిగించేశారు. గొలుసు కింద చర్మం పోయి మాంసం కనిపిస్తోంది. కొందరు లేచి నిలబడలేరు. ఇద్దరికి పదిహేనేళ్ళు కూడా ఉండవు. వాళ్ళందరి పేర్లు నాకు తెలుసు. కోస్తాకు వలస పోయారని ఇళ్ళవాళ్ళు చెబితే నేనే పుస్తకంలో అలా రాసుకున్నాను.

అందరిలో పెద్దామె హనుమక్క. బట్టల కొట్లో కుట్టుపని చేసేది, ఫిబ్రవరి నుంచి కనిపించలేదు. గొలుసు కోస్తుంటే నన్నడిగింది.

"ఈ పొద్దు ఏం వారం?"

శనివారమని చెప్పాను. ఆమె తల ఊపింది.

రికార్డు పెట్టె, పదకొండు మంది, దెబ్బ తిన్న ఇద్దరు, అందరం పలకల కిందుగా ఇంటికి చేరేసరికి మూడు దాటింది. నాలుగింటికి ఏడు మేకలు వాటంతట అవే వచ్చాయి. రెండింటి ఒంటి మీద నెత్తురుంది, అది మేకల నెత్తురు కాదు. తెర మీద దస్తగిరమ్మ చుక్క పన్నెండూ నలభైకి ఎర్రబడింది. రికార్డు పోయిందని తెలిశాక దళం మనుషులు మా వైపు రాలేదు. ఈ పొద్దున ఆరుగురం పోయి ఆమెను తెచ్చుకున్నాం. మూడు గుళ్ళు తగిలాయి, మూడూ ముందు వైపే.

ఏప్రిల్ 21, సోమవారం

నీరజాక్షి గారు నిన్న సాయంత్రమే నగరం నుంచి బయలుదేరారు. రికార్డు చూశారు. పదకొండు మందివీ కలిపి నూట అరవై పిలుపులు, ఠాణాలోనే ఆపేసి మా యంత్రం దాకా రానివ్వనివి, ప్రతిదాని పక్కన మేం వెళ్తున్నాం అని. ఆమె ఒక్కొక్క పిలుపు సమయం మీద వేలు పెట్టి చివరిదాకా చదివారు.

పదింటికి సంజీవరాయుడు వచ్చాడు. ఈసారి కూడా మెత్తగానే మాట్లాడాడు. గస్తీ దళాన్ని రద్దు చేస్తానన్నాడు. పటం చెలిమకు తిరిగి ఇస్తానన్నాడు. ఒప్పందం పదేళ్ళు పొడిగిస్తానన్నాడు. కంబగిరి మెట్ల మీద నుంచి పడ్డాడని రాసుకుందాం, ఉరుకుందమ్మ మీద కేసు ఉండదు అన్నాడు. బదులుగా ఒక్కటే కావాలి. పదకొండు మందిని వలస శిబిరం నుంచి కాపాడి తెచ్చామని రాయాలి. ఆ షెడ్డు నుంచి ట్యాంకరు ఎవరెవరి ఇళ్ళకు పోయేదో రికార్డులో ఉంది. మొదటి ఇల్లు అతనిదే.

నీరజాక్షి గారు నా వైపు చూశారు. ఆమె ముఖంలో ఆరు వేల మంది కనిపించారు. నిజం చెప్పాలంటే నేను ఊగిసలాడాను. అడిగినవన్నీ ఇస్తున్నాడు. కేసు కూడా లేదు. నాకు నలభై ఒక్క ఏళ్ళే.

హనుమక్క మంచం మీద నుంచి లేచింది. గోడ పట్టుకుని నడిచి వచ్చి కార్యదర్శి ఎదురుగా కూర్చుంది. కట్టు విప్పి మణికట్టు అతని ముందు పెట్టింది.

"నేను వలస పోలేదు సార్. నీ ఇంటికి మూడు వీధుల అవతల ఉంటిని. కోర్టుకు నడిచి పోతా. ఎవరన్నా వస్తే రండి, లేకుంటే ఒక్కదాన్నే పోతా."

పదకొండు మందీ వస్తామన్నారు. వాళ్ళ మాట నిలవాలంటే ఠాణాలో జరిగిందంతా ఉన్నది ఉన్నట్టు బయటికి రావాలి. ఒక్కటి దాచినా మిగతావి కూడా నమ్మరు. నీరజాక్షి గారు సంచీలోంచి కలం తీసి, ఒప్పందాన్ని సభ తుంగలో తొక్కిందని ఫిర్యాదు మీద చెలిమ తరఫున సంతకం పెట్టారు. నా ఒప్పుకోలు నేను రాసి పైన పెట్టాను.

సంజీవరాయుడు లేస్తూ, రేపటి నుంచి కుళాయిలు రావమ్మా అన్నాడు.

మే 2, శుక్రవారం

అతను అన్నట్టే పది రోజులు కుళాయిలు రాలేదు. జిల్లా కోర్టు మా మాట వింటూనే ఉంది, సభ ఏవో కాగితాలు తెస్తూనే ఉంది. ఎండ నలభై తొమ్మిది దాటింది.

ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు మా గేటు ముందుకు వచ్చారు. మేం ఎవరి కోసం చేశామో వాళ్ళే. మొదట అడిగారు, తర్వాత తిట్టారు, తర్వాత రాళ్ళు విసిరారు. ఒక రాయి తగిలి సుంకి నుదురు చీలింది. ఆమె నెత్తురు తుడుచుకోకుండా గేటు దగ్గరే నిలబడి, నీరజాక్షి గారు నగరం నుంచి తెప్పించి తొట్టిలో పోయించిన నీళ్ళు బిందెలతో బయటికి అందిస్తూ పోయింది. రాళ్ళు వేసిన చేతులే బిందెలు అందుకున్నాయి.

మొన్న ఒక తల్లి వచ్చింది. ఆమె రాయి వేయలేదు. ఆమె ఐదు నెలల బిడ్డ ఎండదెబ్బకు ముందు రోజు చనిపోయింది. నేను చెంబుతో నీళ్ళిచ్చాను. ఆమె చెంబు తీసుకుని, నన్ను చూస్తూ ఆ నీళ్ళు మెల్లగా నేల మీద పోసేసి ఖాళీ చెంబు నా చేతిలో పెట్టి పోయింది. మేం చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ బిడ్డ పేరు ఏమిటో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఈ రోజు నాలుగింటికి కోర్టు ఆదేశం వచ్చింది. కుళాయిలు, కడియాలు, పటం సభ చేతిలోంచి తీసి ఇళ్ళ ఆడవాళ్ళు ఎన్నుకునే సంఘానికి అప్పగించారు. ఆ సంఘం చెలిమ వాళ్ళతో కలిసి పని చేయాలి. సంజీవరాయుడిని, దళం పదిమందినీ పట్టుకున్నారు. ఐదింటికి మూడో కుళాయి వచ్చిందని ఎవరో పరుగెత్తి వచ్చి చెప్పారు. ఆరింటికి నన్ను తీసుకుపోవడానికి జీపు వచ్చింది. పుస్తకం కూడా తీసుకుపోవచ్చన్నారు.

జూన్ 11, బుధవారం

సబ్ జైలు. గదిలో నలుగురం ఉంటాం. పొద్దున వరండాలు కడిగే పని నాది. కేసు ఇంకా నడుస్తోంది. ఏడేళ్ళు పడవచ్చని వకీలు అంటాడు.

ఈ రోజు సుంకి వచ్చింది. మొదటిసారి. నుదుటి మీద కుట్లు మానాయి. ఇనప జల్లెడకు అవతల కూర్చుని కబుర్లన్నీ చెప్పింది. హనుమక్కను సంఘానికి పెద్దగా ఎన్నుకున్నారు. ఓబుళమ్మ గంజి కాకుండా అన్నం తింటోంది. దస్తగిరమ్మ మేకలు కొత్త మనిషి మాట వినడం లేదు.

కబుర్లు అయిపోయాయి. ఆమె లేవలేదు. తల వంచుకుని చీర అంచు వేళ్ళకు చుట్టుకుంటూ ఉంది. నా మీద కోపముందా అని నేనే అడిగాను.

"అన్నకు గుంత తవ్వేదానికి ఎవురూ రాల్యా. నేనే తవ్వినా" అంది. "సిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిరిగినోడు. వదినను సంపినోడు కూడా వాడే. నువ్వు రాకుంటే నేను సచ్చేదాన్ని. అయినా నువ్వు మా అన్నను సంపినావు గదక్కా. కోపమే."

నేను తల ఊపాను.

జైలు మనిషి సమయం అయిందని గోడ మీద తట్టాడు. సుంకి లేచి నిలబడింది. తెచ్చిన సంచీ జల్లెడ కింది సందులోంచి లోపలికి తోసింది. జొన్న రొట్టెలు, ఎండు మిరప కారం.

"వచ్చే బుధవారం గూడా వస్తా" అని చెప్పి, నేనేమైనా అనే లోపలే పోయింది.